కాలేజీ ల్యాబ్‌లో పుట్టిన పరికరం ఎవరిది?
విద్యార్థి స్టార్టప్‌లు, గ్రామీణ సంఘాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం ముగ్గురం ఈసీఈ విద్యార్థులం. ఫైనలియర్ ప్రాజెక్టుగా నేల తేమను బట్టి బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే పరికరం తయారుచేశాం. దాన్ని అమ్మాలనుకుంటే, పరికరం కాలేజీదేనని, కంపెనీ పెడితే 15 శాతం వాటా రాసివ్వాలని అంటున్నారు. ఇది సబబేనా?
– బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: అది పూర్తిగా కాలేజీది కాదు, పూర్తిగా మీదీ కాదు. విద్యాసంస్థల కోసం 2019లో వచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ ప్రకారం సిలబస్‌లో భాగంగా చేసినా, కాలేజీ ల్యాబ్‌నీ డబ్బునీ గణనీయంగా వాడుకున్నా మేధోహక్కులు మీకూ సంస్థకూ ఉమ్మడిగా ఉంటాయి. చదువుతో సంబంధం లేకుండా, కాలేజీ వసతులు వాడకుండా చేస్తేనే మొత్తం మీది. మీది ఫైనలియర్ ప్రాజెక్టు కాబట్టి ఉమ్మడి హక్కే.

కంపెనీలో వాటా సంగతి వేరు. సంస్థ ఇచ్చే స్థలం, పరికరాలు, సలహా, సీడ్ ఫండ్ (ఆరంభ పెట్టుబడి)ను బట్టి 2 నుంచి 9.5 శాతం వరకు తీసుకోవచ్చని ఆ పాలసీ చెబుతోంది. 15 శాతం దానికి మించిన కోరిక. వాటాకు బదులు అద్దె లేదా ఫీజు కట్టి వసతులు వాడుకునే దారి కూడా అందులో ఉంది. అయితే ఇది మార్గదర్శకమే. ఒక్కో కాలేజీ దీన్ని తన పాలసీగా ఆమోదించుకోవాలి. కాబట్టి ముందు మీ కాలేజీ పాలసీ ప్రతిని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అది చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. హక్కు ఎవరిదన్న దానిపై తేడా వస్తే ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు పూర్వ విద్యార్థులు లేదా పరిశ్రమ నిపుణులు, ఒక న్యాయ సలహాదారు ఉండే అయిదుగురి కమిటీకి వెళ్లవచ్చు.

పేటెంట్ విషయంలో తొందరపడొద్దు. తేమను బట్టి మోటారు నడిపే పరికరాలు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఆ ఆలోచనకు పేటెంట్ రావడం కష్టం. మీ సర్క్యూట్‌లో నిజంగా కొత్తది ఏదైనా ఉంటే మాత్రం, ప్రాజెక్టు ఎక్స్‌పోలో చూపించే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి. బయట చూపించాక కొత్తదనం పోయిందని తిరస్కరిస్తారు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. ఆ తర్వాత 12 నెలల్లోగా పూర్తి వివరాలు దాఖలు చేయాలి.

వాటా గొడవ కన్నా మిమ్మల్ని ముందుగా ఇబ్బంది పెట్టేది పొలం. ల్యాబ్‌లో బాగా పనిచేసిన రెండు పుల్లల తేమ సెన్సర్‌లో డీసీ కరెంటు నిరంతరం పారితే లోహం తినేసుకుపోతుంది, రీడింగ్ తప్పుతుంది. లోహం నేరుగా మట్టికి తగలని కెపాసిటివ్ సెన్సర్ వాడి, దాని అంచులకూ పైన ఉన్న సర్క్యూట్‌కూ నీరు చొరని పూత వేయండి. స్టార్టర్ పెట్టెలో బల్లులు, చీమలు చేరి షార్ట్ అవుతాయి, వైరు దూరే రంధ్రాలన్నీ గ్లాండ్‌లతో (వైరు చుట్టూ బిగిసే మూతలతో) మూయాలి. ఫేజ్ పోయినప్పుడు, బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు ఆగాలి. కరెంటు తిరిగి రాగానే కాకుండా కొంత ఆలస్యంగా మోటారు తిరగాలి. మనిషి బోరు దగ్గర పనిలో ఉండగా మోటారు తనంతట తాను తిరిగితే ప్రాణాలకే ముప్పు, కాబట్టి చేత్తో ఆపే స్విచ్ తప్పనిసరి.

పొలంలో ఇవన్నీ పరీక్షించడానికే విశ్వవిద్యాలయం అసలైన అండ. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోని కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే ఏఐసీ-ఎస్కేయూ ఇంక్యుబేటర్‌ను కలవండి. ఒక పంటకాలం పాటు రోజువారీ రీడింగ్‌లు, మోటారు నడిచిన గంటలు రాసిన పుస్తకం మీ చేతిలో ఉంటే ఏ గ్రాంట్ కమిటీ ముందైనా అది పనికొస్తుంది.

ప్రశ్న: మా సంఘం ఆడవాళ్లం సజ్జ బిస్కెట్లు, సజ్జ పిండి చేసి సంతలో అమ్ముతున్నాం. పిండి వారం పది రోజులకే చేదెక్కుతోంది. మేం చదువుకున్నది తక్కువ. యూనివర్సిటీ వాళ్లు మాలాంటివాళ్లను రానిస్తారా?
– స్వయం సహాయక సంఘం సభ్యురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తప్పక రానిస్తారమ్మా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థకు చెందిన న్యూట్రిహబ్ ఈ పనికే ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం అగ్‌హబ్ కూడా అక్కడే ఉంది. డిగ్రీ ఉందా అని కాకుండా సరుకు తెచ్చారా అని అడుగుతారు. అరకిలో పిండి, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, తయారీ పద్ధతి రాసిన ఒక కాగితం పట్టుకెళ్లండి.

చేదుకు కారణం సజ్జలోని నూనె. పిండి పట్టగానే గింజ మొలక భాగంలోని నూనె, దాన్ని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ కలుస్తాయి. అందుకే ముందు గింజను కొన్ని సెకన్లు మరిగే నీళ్లలో ముంచి తీసి, తడి లేకుండా పూర్తిగా ఆరబెట్టి, తర్వాత పట్టించాలి. సరిగా ఆరకపోతే చేదుకు బదులు బూజు పడుతుంది. బిస్కెట్లు వేడి మీద ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పట్టి మెత్తబడతాయి, చల్లారాకే పెట్టండి. పలుచటి పాలిథిన్ కవరు గాలిని, తేమను ఆపలేదు, లామినేటెడ్ పౌచ్ తీసుకోండి.

నిల్వ ఎంతకాలమో ఊహించి ముద్ర వేయొద్దు. ఒకే వాయిలో 24 ప్యాకెట్లు పక్కన పెట్టి, వారానికి రెండు విప్పి వాసన, రుచి, కరకర చూసి రాసుకోండి. అలా 12 వారాలు గడిస్తే మీకే లెక్క దొరుకుతుంది. ఆ తర్వాత ల్యాబ్ పరీక్ష. పరీక్ష చేసే ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడగండి. గుర్తింపు లేని కాలేజీ ల్యాబ్ రిపోర్టు మీ అవగాహనకు ఉపయోగం, లేబుల్ మీద వేసుకోవడానికి కాదు. లేబుల్‌పై ‘షుగర్ తగ్గిస్తుంది’ లాంటి మాటలు అసలు వద్దు.

యంత్రాలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ, సంఘం సభ్యులకు తలా 40 వేల సీడ్ క్యాపిటల్ ఇచ్చేందుకు 2020లో చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెచ్చింది. కొత్త దరఖాస్తుల సంగతి మీ సంఘాలను చూసే ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్)ను అడగండి. పిండి చేదెక్కకుండా చేశాకే యంత్రం కొనండి.

ప్రశ్న: నలుగురు స్నేహితులం. గ్రాంట్ రావాలంటే వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టమంటున్నారు. ఏం చేయాలి?
– ఎంటెక్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దు. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ప్రోటోటైప్ (నమూనా) దశకు 20 లక్షల వరకు గ్రాంట్, మార్కెట్ దశకు 50 లక్షల వరకు అప్పుగా ఇచ్చేలా రూపొందింది. కానీ దరఖాస్తు నాటికి కంపెనీ వయసు రెండేళ్లు దాటకూడదని అందులో షరతు పెట్టారు. చదువుతుండగానే రిజిస్టర్ చేస్తే ఆ రెండేళ్లలో ఎక్కువ భాగం చదువుకూ పరీక్షలకే పోతుంది. పైగా వ్యాపారం సున్నా అయినా ఏటా ఆడిట్, రిటర్నులు తప్పవు. ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది.

చేతితో పట్టుకునే వస్తువు చేస్తుంటే ముందు నమూనా తయారీకి డబ్బిచ్చే కేంద్ర పథకం నిధి-ప్రయాస్ చూడండి. 10 లక్షల వరకు ఇస్తారు, కంపెనీ లేని వ్యక్తులూ దరఖాస్తు చేయవచ్చు. ఒట్టి యాప్‌కు మాత్రం రాదు. మీ దగ్గర ఆంధ్రా యూనివర్సిటీ ఇంక్యుబేటర్ ఎ-హబ్ ఉంది, అక్కడ అడగండి. ఏ పథకంలోనైనా డబ్బు ఒకేసారి చేతికి రాదు. మైలురాళ్లు దాటేకొద్దీ విడతలుగా వస్తుంది కాబట్టి ఆరు నెలల్లో నిజంగా చేయగలిగిందే రాయండి.

నలుగురూ తలా 25 శాతం అని చేతులు కలుపుకోవద్దు. ఒకరికి క్యాంపస్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా ఆ వాటా వారితోనే ఉండిపోతుంది, తర్వాత పెట్టుబడిదారు ఎవరూ ముందుకు రారు. వాటా నాలుగేళ్లలో దఫదఫాలుగా దక్కేలా, మొదటి ఏడాదిలోపే వెళ్లిపోతే ఏమీ రాకుండా ఒప్పందం రాసుకోండి. స్నేహం ఉండగానే రాసుకోవడం తేలిక.

ప్రశ్న: స్టార్టప్ పని వల్ల హాజరు తగ్గింది. పరీక్ష రాయనిస్తారా?
– బీటెక్ మూడో ఏడాది, వరంగల్

జవాబు: అనుమతి తీసుకుంటే రాయనివ్వవచ్చని పైన చెప్పిన 2019 పాలసీ అంటోంది. సెమిస్టర్ చివర వెళ్లి బతిమాలితే పని జరగదు. సెమిస్టర్ మొదట్లోనే ఇంక్యుబేటర్ లేఖ జతచేసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. అనుబంధ కాలేజీ అయితే విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం ఆమోదం కూడా కాగితం మీద ఉండాలి. మినీ ప్రాజెక్టు స్థానంలో స్టార్టప్ పనినే లెక్కించమని అదే దరఖాస్తులో అడగండి, ఆ వెసులుబాటూ పాలసీలో ఉంది.