టెక్ సందేహాలు: పలికేది వింటుంది కూడా

ప్రశ్న: ఫోనుకు ‘తనంతట తానే మానే’ స్క్రీన్‌గార్డు వేయించాను. తాళంచెవి గీత మూడు వారాలైనా పోలేదు. గాజులా కనిపిస్తూ, తెగినా అతుక్కునే స్పీకర్లు వస్తాయని చదివాను. కిటికీకి అంటించుకోవడానికి అలాంటిది వచ్చేదాకా ఆగమంటారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: స్క్రీన్‌గార్డు గురించి ఇదే ఫిర్యాదు రాజాం నుంచీ ఆమదాలవలస నుంచీ వచ్చింది. ఆ ఫిల్మ్ మెత్తని ప్లాస్టిక్. పైపైన నొక్కుకుపోయిన సన్నగీత కాస్త వేడి తగిలితే సర్దుకుంటుంది. తాళంచెవి ప్లాస్టిక్‌నే గీకి ఊడదీస్తే పూడ్చడానికి అక్కడ ఏమీ మిగలదు. ఆ తేడా చెప్పకుండా పెట్టె మీద ‘మానుతుంది’ అని అచ్చువేయడం మోసమే.

నిజంగా అతుక్కునే రబ్బరు ఉంది. 2008లో పారిస్ శాస్త్రవేత్తలు చూపించారు. కోసిన ముఖాలను కలిపి నొక్కితే, జిగురూ వేడీ లేకుండానే అణువులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు మళ్లీ కలుస్తాయి. చలిమిడి ముద్దను తుంచి వెంటనే అదిమితే అతుకు కనిపించదు; గాలికి వదిలేసి కలిపితే పగులు అలాగే ఉంటుంది. కారణం వేరైనా ఈ రబ్బరూ ఆలస్యాన్ని ఓర్చుకోదు. తెగిన ముఖం మీది బంధాలు తమలో తామే జతకట్టేస్తాయి.

పారదర్శక స్పీకరును 2013లో హార్వర్డ్ పరిశోధకులు చేశారు. ఉప్పునీరు పీల్చిన రెండు జెల్ పొరల మధ్య పలుచని రబ్బరు. విద్యుత్ సంకేతానికి అది నొక్కుకుంటూ సడలుతూ కంపించి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అంటే మన చెవికి వినిపించే మేరంతా పలికింది. కానీ దానికి అధిక వోల్టేజి కావాలి, జెల్‌లో నీరు ఆరిపోతుంది. దానికోసం ఆగకండి.

నా భయం వేరు. పలికే పొర వింటుంది కూడా. పాత కంప్యూటర్ మైకు రంధ్రంలో ఇయర్‌ఫోన్ గుచ్చి, దాని బుడిపె దగ్గర మాట్లాడి చూశాను. సన్నగానైనా నా మాటలన్నీ రికార్డయ్యాయి. 2016లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తీగ మార్చకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌తో హెడ్‌ఫోన్‌ను మైకుగా మార్చి చూపించారు. పారదర్శక రబ్బరుకూ ఈ గుణం ఉంది: మాటకు అది కదిలితే పొరల మధ్య ఎడం మారి సంకేతం పుడుతుంది. అలాంటి రేకును డాక్టరు గది కిటికీకో, లాడ్జి అద్దానికో అంటిస్తే ఎవరు గుర్తుపడతారు? మీ పక్కనే గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి చేసే వీణ ఎక్కడ పలుకుతోందో పసివాడికైనా తెలుస్తుంది. వినగలిగిన వస్తువు కంటికి కనిపించాలి. అలా చేయలేనివారు తీగను తెంచే మీటయినా పెట్టాలి. తెర మీద ‘ఆపు’ గుర్తు చాలదు. దాన్ని మార్చగలిగినవాడు మైకునూ తెరవగలడు.

పారదర్శక స్పీకరు దాకా ఎందుకు? టార్చి యాప్‌కు మైకు అనుమతి ఇచ్చి జేబులో పెట్టుకు తిరుగుతున్నవారు నాకు వారం వారం కనిపిస్తున్నారు. ఫోను సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతుల జాబితా తెరవండి. మాట వినవలసిన పనిలేని యాప్ ఒక్కటి కనిపించినా ఈ రోజే అనుమతి తీసేయండి.