ఇంజెక్షన్ చిక్కబడితే నకిలీదేనా?

ప్రశ్న: మా వారికి డాక్టర్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ రాశారు. ఇదివరకటిది పల్చగా, లేత పసుపుగా ఉండేది. ఈసారిది చిక్కగా ఉంది, ఓ పట్టాన సిరంజిలోకి ఎక్కడం లేదు. నకిలీదా?

జవాబు: ఈ మందును నూనెలో కరిగించి ఇస్తారు, ముందు పెట్టె మీద ఆ నూనె పేరు చూడండమ్మా. ఆ రంగూ చిక్కదనమూ చాలావరకు మందువి కావు, నూనెవి. టెస్టోస్టిరాన్‌లో చాలా రకాలున్నాయి: ఎనాంథేట్ రకం సాధారణంగా నువ్వుల నూనెలో, సిపియోనేట్ రకం పత్తిగింజల నూనెలో వస్తాయి. సస్టనాన్ అనే బ్రాండులో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లకు అది ఇవ్వకూడదు. అన్‌డెకనోయేట్ రకం 4 మి.లీ. ఆంప్యూల్‌లో (చిన్న గాజు సీసా) (1000 మి.గ్రా.) ఉండేది ఆముదం. నువ్వుల నూనెకు దాదాపు పదింతలు చిక్కన! బెంజైల్ బెంజోయేట్ అనే ద్రావకం కలిపి పల్చన చేసినా, నర్సు దాన్ని పిరుదు కండలోకి రెండు నిమిషాల పాటు మెల్లగా ఎక్కించాల్సిందే. తొందరపడితే దగ్గు, ఆయాసం రావచ్చు.

మీకు వచ్చింది ఈ అన్‌డెకనోయేటే అయితే మారింది బ్రాండు ఒక్కటే కాదు. ఎనాంథేట్ 2–4 వారాలకోసారి, ఇది 10–14 వారాలకోసారి. డాక్టర్ని అడగకుండా వేయించొద్దు.

చలికి సిపియోనేట్‌లో పలుకులు కడితే సీసాను అరచేతుల్లో వెచ్చబెట్టి కదపండి, కరుగుతాయి. కరగకపోయినా, నలకలు తేలినా తిరిగి ఇచ్చేయండి. రంగును బట్టి మాత్రం నకిలీ తేలదు.