హెచ్-ఇండెక్స్ ఆరేనని బెంగ

ప్రశ్న: భూగోళం బోధించే పద్ధతులపై పరిశోధన చేస్తున్నాను. నా హెచ్-ఇండెక్స్ 6 మాత్రమే. నా పనికి ప్రభావం లేనట్టేనా?

జవాబు: కాదమ్మా. అది 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన లెక్క. కనీసం ఆరేసిసార్లు ఇతర వ్యాసాల్లో ఉదహరించిన వ్యాసాలు నీకు ఆరున్నాయని దానర్థం, అంతే. నీ వ్యాసం చదివి పాఠం మార్చుకున్న టీచరు దాన్ని ఎక్కడా ఉదహరించరు కదా! కాంటూరు రేఖల (పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మీద నేనూ ఒక వ్యాసం రాశాను. ఉదహరించింది నలుగురే. కానీ మట్టి కొండను గిన్నెలో పెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, నీటి అంచు వెంట పిల్లలతో గీతలు గీయించే ఆ పద్ధతిని నా శిష్యులు ఇప్పటికీ వాడుతున్నారు. నాకు అదే గొప్ప. పత్రికలోని వ్యాసాలను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పరిశోధకులను తూచవద్దని పరిశోధనల మూల్యాంకనంపై వచ్చిన 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కూడా చెప్పింది. టీచర్లు రాసిన ఉత్తరాలు దాచిపెట్టు, ప్రమోషన్ దరఖాస్తుకు జతచెయ్యి.