మొలల సంగతి దాచారంటూ క్యాన్సర్ క్లెయిము తిరస్కరించారు... ఏం చేయాలి?

సందేహం: మాది ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం. మా వారికి 36 ఏళ్లు, కిరాణా దుకాణం నడుపుతారు. 2023 నవంబరు నుంచి మలంలో రక్తం పడుతుంటే ఊళ్లో డాక్టరుగారు మొలలని మందులిచ్చారు. తగ్గకపోవడంతో 2024 ఫిబ్రవరిలో సరిహద్దు దాటి ఆంధ్రలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మొలల ఆపరేషన్ చేయించాం. 42 వేలు ఖర్చయింది. ఆ తర్వాతా రక్తం ఆగలేదు. ఎప్పుడు వెళ్లినా ‘పుండు మానాలి కదా’ అనేవారు. 2025 జనవరిలో విశాఖపట్నంలో కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి పురీషనాళంలో క్యాన్సర్, మూడో దశ అని చెప్పారు. 2022 ఆగస్టులో తీసుకున్న ఆరోగ్య బీమా ఉంది. కానీ 2017లో మొలలకు మందులు వాడిన విషయం దాచారంటూ మార్చిలో క్లెయిము తిరస్కరించారు. డాక్టరుపై కేసు వేయవచ్చా? వేస్తే ఆంధ్రలోనా, ఒడిశాలోనా? మా మరిది పోలీసు కేసు పెడదామంటున్నాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు కేసులున్నాయి. ఒకటి బీమా కంపెనీ మీద, ఇంకొకటి డాక్టరు మీద. రెండింటినీ ఒకే ఫిర్యాదులో కట్టి పడేయకండి. మీకు ఈ రోజు కావలసింది మందులకు డబ్బు, కాబట్టి ముందు బీమా సంగతి చూద్దాం. అందులో మీ పక్షం బలంగా ఉంది.

బీమా పరిభాషలో ‘ముందే ఉన్న వ్యాధి’ అంటే మనిషి పుట్టినప్పటి నుంచి వచ్చిన ప్రతి జబ్బూ కాదు. పాలసీ మొదలైన నాటికి ముందు ఫలానా కాలంలోపు డాక్టరు గుర్తించిన లేదా చికిత్స చేసిన జబ్బు మాత్రమే. ఆ కాలం మీరు పాలసీ తీసుకున్నప్పుడు 48 నెలలు. 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలకు తగ్గించారు. 2017లో వాడిన మొలల మందు ఏ లెక్కలో చూసినా దాని బయటే ఉంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. పాలసీ కోసం నింపిన దరఖాస్తులో, అంటే ప్రపోజల్ ఫారంలో ‘ఎప్పుడైనా మొలలకు చికిత్స పొందారా?’ అని విడిగా అడిగి, మీ వారు ‘లేదు’ అని రాసి ఉంటే కంపెనీ దాన్ని పట్టుకుంటుంది. అందుకే ముందుగా ఆ ఫారం నకలు తెప్పించుకోండి. చాలా ఇళ్లలో ఫారం నింపేది ఏజెంటు. సంతకం ఒక్కటే మనది.

ఒకవేళ ‘లేదు’ అని రాసి ఉన్నా పోరాటం ముగిసినట్లు కాదు. మొలలు ముదిరి క్యాన్సర్‌గా మారవు. రెండూ వేర్వేరు జబ్బులు. రెండింటిలోనూ రక్తం పడుతుంది, అంతే. నడుము వెన్నుపూసల జబ్బు సంగతి దాచి, గుండె జబ్బుతో మరణించిన వ్యక్తి విషయంలో, దాచిన జబ్బుకూ మరణానికీ సంబంధం లేనప్పుడు క్లెయిము ఎగ్గొట్టడం చెల్లదని 2015లో సుల్భా మోటేగావ్‌కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరే దారిలో నడిచిన తీర్పులూ ఉన్నాయి. అయినా మీకు దగ్గరగా ఉన్నది ఇదే. మొలలకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం లేదని విశాఖలో చికిత్స చేస్తున్న క్యాన్సర్ డాక్టరు చేత ఒక్క పేరా రాయించుకోండి. మీ కేసుకు అదే వెన్నెముక.

ఐదేళ్లు దాటిన పాలసీని కంపెనీ ప్రశ్నించకూడదని ఎవరో మీకు చెప్పే ఉంటారు. నిబంధన నిజమే. వరుసగా 60 నెలలు నడిచిన పాలసీని మోసం రుజువైతే తప్ప వంక పెట్టడానికి వీల్లేదు. కానీ మీ పాలసీకి జబ్బు బయటపడే నాటికి 29 నెలలే. ఆ వాదన ఎత్తకండి, పరువు పోతుంది.

తిరస్కరణ ఉత్తరం మళ్లీ తీసి చదవండి. పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో అందులో స్పష్టంగా చెప్పాలి. కంపెనీలోని క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదనీ 2024 నిబంధనల్లో ఉంది. ఈ రెండూ అడుగుతూ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లండి. మీకు భువనేశ్వర్ కార్యాలయం. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు (నా వృత్తివాళ్లు నన్ను క్షమించాలి). కంపెనీ మీ ఫిర్యాదును తోసిపుచ్చిన నాటి నుంచి, జవాబే రాకపోతే ఆ నెల గడువు ముగిసిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడిచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడి ఉండాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. కాని కమిషన్‌లో ముందే కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుంటుంది. వరుస తప్పకండి.

ఇక డాక్టరుగారి సంగతి. మీ కోపం అర్థమవుతుంది. కాని జబ్బును గుర్తించలేకపోవడం ఒక్కటే చట్టం దృష్టిలో నిర్లక్ష్యం కాదు. అదే చదువు చదివిన మామూలు డాక్టరు ఎవరైనా చేసే పని ఈయన చేయలేదా అన్నదే ప్రశ్న. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలబద్ద అది. ‘36 ఏళ్ల వాడికి పేగు క్యాన్సర్ అని ఎవరు అనుకుంటారు?’ అని ప్రతివాది అంటారు. పాతికేళ్ల క్రితమైతే ఆ మాటకు కొంత బరువుండేది. ఇప్పుడు చిన్న వయసువాళ్లలో ఈ క్యాన్సర్ పెరుగుతోందని వైద్యలోకానికంతటికీ తెలుసు. అమెరికాలో పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు దించారు. అయితే మీ వకీలు ఆ 45ను పట్టుకుని వాదించబోతే ఆపండి. అది ఏ లక్షణమూ లేని మనిషికి పెట్టిన వయసు. మీ వారికి కళ్లెదుట రక్తం పడుతోంది. రక్తం పడుతున్న మనిషికి చేయవలసిన మొదటి పరీక్షకు వయసుతో పని లేదు.

ఆ మొదటి పరీక్ష ఏమిటంటే, చేతికి తొడుగు వేసుకుని వేలితో మలద్వారం లోపల తడిమి చూడటం. రెండు నిమిషాల పని, ఖర్చు లేదు. ఆసుపత్రి రికార్డులో, అంటే కేసు షీటులో దాన్ని ‘పి.ఆర్.’ అని రాస్తారు. ఇప్పుడు విశాఖ కొలనోస్కోపీ రిపోర్టు తీయండి. కణితి మలద్వారం నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో అందులో ఉంటుంది. ఐదో ఆరో అని ఉంటే అది వేలికి తగిలే దూరమే. పన్నెండు అని ఉంటే వేలికి అందదు. అప్పుడు వాదన మారుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా రక్తం ఆగనప్పుడు గొట్టం వేసి ఎందుకు చూడలేదని అడగాలి. నా మట్టుకు నాకు ఆపరేషన్ తర్వాతి ఆ పదకొండు నెలలే ఈ కేసులో అసలు బరువు. ఆ ఆలస్యం వల్లే జబ్బు ముదిరిందని చూపించే భారం మాత్రం మీదే. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అంది. మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేసిన హైదరాబాద్ కేసు అది. అయినా మీరు నిపుణుడి అభిప్రాయం లేకుండా దిగకండి.

వెంటనే చేయవలసింది కేసు షీటు అడగడం. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి. మూడేళ్లు దాచి ఉంచాలనీ అందులోనే ఉంది. మీ వారి సంతకంతో, అక్నాలెడ్జిమెంటు ఉన్న రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కేసు వేస్తామన్న మాట అందులో రాయకండి. బెదిరిస్తే కేసు షీటులో ఖాళీగా ఉన్న గడులు ఇప్పుడు నిండిపోయే ప్రమాదం ఉంది. ఆసుపత్రి రసీదు ఇచ్చి ఉండకపోతే దిగులుపడకండి. 42 వేలు ఫోనులో పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటే రసీదు.

డాక్టరు మీద కేసు ఎక్కడ అంటే, రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. పాత చట్టంలో ప్రతివాది ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్లవలసి వచ్చేది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాది నివసించే చోటే వేయవచ్చు. ఆసుపత్రి ఆంధ్రలో ఉన్నా సరే, వాళ్లే మీ జిల్లాకు వస్తారు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ఫిర్యాది మీరు కాదు, మీ వారు. గడువు రెండేళ్లు. ఏ రోజు నుంచి లెక్కించాలన్నది వాదనకు వస్తుంది కాబట్టి ఆపరేషన్ రోజు నుంచే లెక్కపెట్టుకుని 2026 ఫిబ్రవరి లోపు దాఖలు చేయండి.

పోలీసు కేసు వద్దు. దానికి మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైనదై ఉండాలి. మరో డాక్టరు అభిప్రాయం లేనిదే ముందుకు కదలదు కూడా.

ఈలోగా రేషన్ కార్డు పట్టుకుని ఆయుష్మాన్ కార్డుకు అర్హత ఉందేమో చూసుకోండి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్ర పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలవుతోంది, కుటుంబానికి ఏటా 5 లక్షలు. విశాఖకు చికిత్స కోసం రైల్లో వెళ్తుంటే క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లేవారికీ రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ అడగండి.

మరొకటి, ఇది మీ మరిదికి. అన్నకు 36 ఏళ్లకే ఈ జబ్బు వచ్చింది కాబట్టి, దానికి పదేళ్ల ముందు వయసు నుంచే తోబుట్టువులు కొలనోస్కోపీ చేయించుకోవాలని వైద్యులు చెబుతారు. అంటే 26 దాటి ఉంటే ఆయన ఇప్పటికే ఆలస్యం. పోలీస్ స్టేషన్‌కు కాదు, ముందు అక్కడికి వెళ్లమనండి. రేపు సొంతంగా బీమా తీసుకుంటే, కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అన్న గడిలో అన్న సంగతి తన చేత్తోనే రాయమనండి, ఏజెంటు చేత్తో కాదు.