ఎర్ర లాంతరు వెలిగే గుమ్మం

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఏడాదిపాటు టోక్యోలో ఉంటున్నాను. సుగినామి వార్డులోని అసగాయా స్టేషన్‌కు దగ్గరలో ఇల్లు దొరికింది. షింజుకు, షిబుయాల్లోని రద్దీ నాకు సరిపడదు. రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే, స్టేషన్ పక్క సందుల్లో ఎర్ర లాంతర్లు కట్టిన చిన్న చిన్న దుకాణాలు కనిపిస్తాయి. లోపల ఏడెనిమిది మందికి మించి పట్టరు. తలుపు తీయాలంటే బెరుకుగా ఉంది. నాకు భాష అంతంతమాత్రమే వచ్చు, పైగా శాకాహారిని, మద్యం ముట్టను. నాలాంటివాడు అక్కడికి వెళ్లడం మర్యాదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ (ప్రస్తుతం టోక్యో)

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. అసగాయాలో కొంతకాలం నివసించిన దాన్ని కనుక, మీరు చూస్తున్న సందులు నాకు బాగా తెలుసు. ఆ ఎర్ర లాంతర్ల దుకాణాలను ‘ఇజకాయా’ అంటారు, అంటే మద్యంతోపాటు చిన్న చిన్న వంటకాలు పెట్టే చోటు. స్టేషన్‌కు ఉత్తరాన ఉన్న స్టార్ రోడ్‌లో సాయంత్రం ఆరు దాటాక ఒక్కొక్క లాంతరూ వెలుగుతుంది. గుమ్మానికి ‘నోరెన్’ అనే గుడ్డతెర వేలాడుతుంటే దుకాణం తెరిచి ఉన్నట్టు, దాన్ని లోపలికి తీసేస్తే ఆ పూటకు కట్టేసినట్టు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల కాపురం ఉండేవారే. పని ముగించుకుని ఇంటికి వెళ్లేముందు ఒక గంట కూర్చుని వెళతారు. అందువల్ల ఆ దుకాణాన్ని బజారుగా కాక, ఎవరింటి వసారాలోకో వెళుతున్నట్టు భావిస్తే మీ బెరుకు సగం తగ్గుతుంది.

తలుపు పక్కకు జరిపి, ఒక వేలు చూపి ‘హితోరి దెస్’ (ఒక్కడినే) అనండి. కూర్చోగానే వేడి తువ్వాలు చేతికిస్తారు. తరువాత మీరు అడగకుండానే ఒక చిన్న గిన్నె వస్తుంది. మొదటిసారి నా ముందు నాలుగు ఉడికిన ముల్లంగి ముక్కలు పెట్టారు. బిల్లులో వాటికి డబ్బు వేసి ఉండడం చూసి నేను నొచ్చుకున్నాను. అది ‘ఒతోషి’ అనీ, కూర్చున్న చోటుకు ఇచ్చే రుసుము లాంటిదనీ, సాధారణంగా 300 నుంచి 500 యెన్‌ల వరకు ఉంటుందనీ పక్కన కూర్చున్న పెద్దాయన కాగితం మీద అంకెలు వేసి మరీ చెప్పాడు. అలా మొదలైన మాటలు ఆ రాత్రి చాలాసేపు సాగాయి. టిప్పు మాత్రం ఎక్కడా ఇవ్వనక్కర లేదు.

మద్యం తీసుకోకపోవడం తప్పేమీ కాదు. ‘ఊలాంగ్ చా’ అడిగితే చల్లని టీ ఇస్తారు. అయితే ఏడు కుర్చీల దుకాణంలో ఒక్క టీతో రాత్రంతా కూర్చోవడం న్యాయం కాదు కనుక, ఒకటి రెండు వంటకాలు కూడా చెప్పండి. అసలు చిక్కు శాకాహారంతోనే. కూరగాయల వంటకంలో కూడా ఎండు చేపతో కాచిన ‘దషి’ రసం కలుస్తుంది. పైన చెప్పిన ముల్లంగిని ఉడికించేది కూడా సాధారణంగా అందులోనే. ‘నికు తొ సకానా వా తబెమాసెన్’ (మాంసం, చేప తినను) అని ముందే చెప్పండి. ఉప్పునీళ్లలో ఉడికించిన ఎడమామే (పచ్చి సోయా చిక్కుడు) కాయలు చాలాచోట్ల దొరుకుతాయి. చల్లని తోఫు అడిగినప్పుడు పైన ఎండు చేప తురుము, మామూలు సోయా సాస్‌కు బదులు దషి కలిపిన సాస్ వెయ్యవద్దని చెప్పడం మరచిపోకండి.

కిటికీ లేని బరువైన తలుపు, దాని వెనుక నుంచి కరవోకే పాట వినిపిస్తే అది ‘స్నాక్’ అనే మరో రకం చిన్న బార్. 1964 ఒలింపిక్స్ నాటికి, రాత్రి పొద్దుపోయాక కేవలం మద్యం అమ్మే దుకాణాలపై ఆంక్షలు పెరగడంతో, మద్యంతోపాటు చిరుతిండి పెట్టడం మొదలుపెట్టారనీ, ఆ పేరు అలా స్థిరపడిందనీ చెబుతారు. కౌంటర్ వెనుక ఉండే యజమానురాలిని అందరూ ‘మామా’ అని పిలుస్తారు. అలమరలో వరుసగా ఉన్న సీసాల మెడలకు పేర్లు రాసిన బిళ్లలు వేలాడుతుంటాయి. కొన్న సీసాను అక్కడే దాచుకుని, వచ్చినప్పుడల్లా కొంచెం తీసుకోవడం అక్కడి పద్ధతి. ఇక్కడ కూర్చున్నందుకే రెండు మూడు వేల యెన్‌లు కావచ్చు కనుక ముందే ధర అడగండి. ఇజకాయా యజమానితో కాస్త పరిచయమయ్యాక, ఆయన చెప్పిన స్నాక్‌కే మొదట వెళ్లడం మేలు. వీధిలో నిలబడి రమ్మని పిలిచేవారి వెంట మాత్రం వెళ్లకండి.

మీలాంటివారికి నేను అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది ‘సెంతో’, అంటే పేట స్నానశాల. పక్క స్టేషన్ కోఎంజీలో 1933 నుంచి నడుస్తున్న కొసుగి-యు ఉంది. టోక్యోలో 2024 ఆగస్టులో పెద్దలకు రుసుమును 550 యెన్‌లు చేశారు. ఆడవారికి, మగవారికి విడివిడి గదులు ఉన్నా, బట్టలు లేకుండా స్నానం చేయాలనేది మనవాళ్లకు మొదట్లో కష్టమే. చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. చలికాలపు రాత్రి ఆ వేడినీళ్ల నుంచి లేచి, ఇంకా పొగలు కక్కుతున్న ఒంటితో సందుల్లో నడిచి ఇల్లు చేరడం నేను ఇప్పటికీ తలచుకునే సుఖం.

ఇక ఇజకాయాలు శుక్రవారం కిక్కిరిసి ఉంటాయి. మంగళ, బుధవారాల్లో ఏడింటికి వెళ్లండి. పై అంతస్తుల్లో కుటుంబాలు నిద్రిస్తుంటాయి కనుక బయటికి వచ్చాక గుమ్మం ముందు నిలబడి మాట్లాడకండి. ఎప్పుడైనా యజమాని రెండు చేతులనూ గుణకార గుర్తులా అడ్డంగా పెట్టి చూపిస్తే చిన్నబుచ్చుకోవద్దు. చాలావరకు అది కుర్చీలు నిండాయని చెప్పడమే. తల వంచి నమస్కరించి వచ్చేసి, మరో రోజు మళ్లీ ఆ తలుపే తీయండి.