అమ్మకు కాల్షియం 11.2, పీటీహెచ్ మాత్రం ‘నార్మల్’. స్కాన్‌లోనూ ఏమీ కనిపించలేదు. ఇక వదిలేయవచ్చా?

వదిలేయకండి. ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను, విశాఖ పోర్టులో గుమాస్తాని. కానీ మీరు రాసినవి చదవగానే మా అమ్మ పాత ఫైలు గుర్తొచ్చింది. మీ అమ్మగారికి రక్తంలో కాల్షియం 11.2, అంటే ఎక్కువే. కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోన్, అదే పీటీహెచ్, 58. అది 15 నుంచి 65 లోపే ఉంది కాబట్టి నార్మల్ అన్నారు. రెండుసార్లు కిడ్నీలో రాళ్లు. విటమిన్ డి 14, అంటే తక్కువ. పాలు మానేయమని చెప్పి పంపేశారు. మా ఇంట్లో దాదాపు ఇవే అంకెలతో మూడేళ్లు గడిచిపోయాయి.

మా అమ్మ పుట్టిల్లు సోంపేట దగ్గర. పెళ్లయ్యాక కంచరపాలెం వచ్చేసినా చుట్టాల లెక్కలో ఆవిడ ఉద్దానం మనిషే. మొదటిసారి రాయి వచ్చినప్పుడు మా పెద్దమ్మ ‘‘ఉద్దానం నీళ్లే, మరేటవుద్ది’’ అని తేల్చేసింది. ఉద్దానం అంటే మా వాళ్లకు డయాలసిసే గుర్తొస్తుంది. అందుకే కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ 0.9 అని చూడగానే హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. అక్కడి జబ్బులో కిడ్నీల పనితనం మెల్లగా పడిపోతుంది. రాళ్లు రావడం వేరే సంగతి. ఆ రాయి ఎందుకొచ్చిందని మేం అడగనూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు.

తర్వాత ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. నడుం, తొడలు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేది. విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం. షుగరేమోనని చూపిస్తే లేదన్నారు. ఒక డాక్టరుగారు ‘‘ఈ వయసు ఆడవాళ్లకు మామూలే’’ అని విటమిన్ డి చూసి, 11 ఉందని ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేసి, రోజుకు రెండు కాల్షియం మాత్రలు రాశారు. రక్తంలో కాల్షియం ఎంతుందో మాత్రం చూడలేదు. రెండు వారాలకు అన్నం చూస్తే వాంతి, మాట తడబాటు. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, అవి ఎవరు పెట్టారని నన్నే అడిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే కాల్షియం 13.1. మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు.

అప్పుడే మొదటిసారి పీటీహెచ్ చేశారు. 61 వచ్చింది. డిశ్చార్జి కాగితంలో ‘పీటీహెచ్ నార్మల్’ అని రాసి పంపేశారు. మళ్లీ హమ్మయ్య!

ఆ మాటలో తప్పెక్కడుందో తర్వాత ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, చెప్పారు. ‘‘మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి కారిపోతున్నాయనుకోండి. కిందికెళ్లి చూస్తే మోటారు తిరుగుతోంది. ఎప్పటి స్పీడులోనే తిరుగుతోందిలే అని వచ్చేస్తారా?’’ అన్నారు. ట్యాంకు నిండితే మోటారు ఆగాలి. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. పేరు దగ్గరగా ఉన్నా థైరాయిడ్ పనితో వాటికి సంబంధం లేదు. రక్తంలో కాల్షియం తగ్గితే అవి పీటీహెచ్ వదులుతాయి. అది ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది, మూత్రంలో పోకుండా కిడ్నీలో పట్టుకుంటుంది, విటమిన్ డి ని చురుకు చేసి పేగుల్లో కూడా ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది. కాల్షియం పెరిగితే అవి పని ఆపాలి, పీటీహెచ్ బాగా కిందికి పడిపోవాలి. 11.2 దగ్గర కూడా 58 ఉందంటే మోటారు ఆగలేదన్నమాట. ఇలా ఆ గ్రంథులు ఆగకుండా పనిచేసే జబ్బునే హైపర్‌పారాథైరాయిడిజం అంటారు. ల్యాబ్ రాసిన 15–65 అనేది కాల్షియం సరిగ్గా ఉన్నవాళ్ల లెక్క. నిజానికి పీటీహెచ్ పడిపోయి ఉంటేనే క్యాన్సర్, టీబీ, విటమిన్ డి ఎక్కువవడం లాంటి కారణాలు వెతుకుతారట. ఆ రకంగా 58 కొంత ధైర్యమే.

అయినా ఒక్క రిపోర్టుతో తేల్చకండి. కాల్షియం, ఆల్బుమిన్, పీటీహెచ్, క్రియాటినిన్, విటమిన్ డి అన్నీ ఒకేసారి తీసిన రక్తంలో చూపించండి. ఆల్బుమిన్ అనేది రక్తంలోని ప్రొటీన్, అది 4 కంటే తక్కువుంటే ప్రతి ఒక గ్రాముకు కాల్షియానికి 0.8 కలుపుతారు. అమ్మగారు జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. చాలా ల్యాబుల పద్ధతిలో అది పీటీహెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి వాడినా, లిథియం వాడినా చెప్పాలి. అవి కాల్షియాన్ని పెంచుతాయి.

ఇరవై నాలుగు గంటల మూత్రంలో కాల్షియం పరీక్ష కూడా అడుగుతారు. దాన్ని మాత్రం తప్పించుకోకండి. వంశపారంపర్యంగా కొందరికి రక్తంలో కాల్షియం ఎక్కువుంటుంది, మూత్రంలో చాలా తక్కువ పోతుంది. వాళ్లకు ఆపరేషన్ చేసినా ఉపయోగం ఉండదు. మా అమ్మకు ఆపరేషన్ కంటే ఈ పరీక్షే పెద్ద గండం. బాత్రూం తలుపు వెనక క్యాను పెట్టుకుంది. సరిగ్గా ఆ రోజే విజయనగరం నుంచి మా వియ్యాలవారు దిగారు. వాళ్లు వెళ్లేదాకా అమ్మ బాత్రూం వైపు వెళ్లనే లేదు, ఆనక తనే ‘‘లెక్క తప్పిపోయింది’’ అని మొత్తం పారబోసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది.

ఇక మీ స్కాన్ సంగతి. ఉబ్బిన గ్రంథి ఎక్కడుందో వెతికే సెస్టమిబీ స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేదని కాదు. జబ్బు ఉందో లేదో తేల్చేది రక్తం, మూత్రం రిపోర్టులు. స్కాన్ సర్జన్‌కు దారి చూపించడానికి మాత్రమే. నూటికి ఎనభై మందికి పైగా ఒక్క గ్రంథే ఉబ్బుతుంది, చిన్నదైతే స్కాన్‌కు అందదు. మా అమ్మకూ మొదట ఏమీ కనబడలేదు, మేం మూడోసారి హమ్మయ్య అనుకున్నాం. తర్వాత ఫోర్‌-డీ సీటీలో అన్నవాహిక వెనక్కి జారి ఉన్న గ్రంథి దొరికింది.

పోర్టులో పనిచేస్తాను కాబట్టో ఏమో, దీని గురించి చదివినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ కథ. ఎముకలు కరిగి, విరిగి, మనిషి ఎత్తే కొన్ని అంగుళాలు తగ్గిపోయాడు. మెడకు ఆరుసార్లు ఆపరేషన్ చేసినా డాక్టర్లకు ఆ గ్రంథి దొరకలేదు. 1932లో ఏడోసారి ఛాతీలో దొరికింది. అప్పటికే కిడ్నీలు పాడై, కొన్ని వారాలకే పోయాడు. అప్పుడు స్కాన్లు లేవు, పీటీహెచ్ పరీక్షే లేదు. మనకు అన్నీ ఉండి, ఒక్క ‘నార్మల్’ అనే మాట దగ్గర ఆగిపోతున్నాం.

ఆపరేషన్ అవసరమా అంటే, డాక్టర్లు చూసేవి ఇవి: కాల్షియం పై హద్దు కంటే 1 మించి ఎక్కువుండటం, వయసు యాభై లోపు కావడం, ఎముకలు గుల్లబారడం, కిడ్నీ పనితీరు తగ్గడం, రాళ్లు. వీటిలో ఏ ఒక్కటున్నా ఆలోచించమంటారు. మీ అమ్మగారికి రాళ్లు ఉన్నాయి కదా. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయిస్తే ముంజేయి కూడా తీయమని అడగండి. మామూలుగా వెన్ను, తుంటి తీసి వదిలేస్తారు, ఈ జబ్బు ముంజేతి ఎముకనే ఎక్కువగా తింటుంది.

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఫైలు మొత్తం పట్టుకుని అక్కడికి వెళ్లవచ్చు. సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ‘‘థైరాయిడ్లు కాదండీ, పారాథైరాయిడ్లు ఏడాదికి ఎన్ని చేస్తారు?’’ అని మొహమాటం లేకుండా అడగండి. నేను అడిగాను. ఒకాయనకు కోపం వచ్చింది, ఇంకొకాయన అంకె చెప్పారు. రెండో ఆయన దగ్గరే చేయించాం.

చింతగింజంత గడ్డ తీశారు. తీసిన పది నిమిషాలకు మళ్లీ రక్తం పరీక్షించి, పీటీహెచ్ సగానికి పైగా పడిందని చూసి కుట్లు వేశారు. రెండో రోజు పెదాల చుట్టూ, వేళ్లకు తిమ్మిర్లు. కాల్షియం 7.4. నాకు ముచ్చెమటలు పోశాయి. ఇన్నాళ్లూ దోపిడీ అయిన ఎముకలు ఒక్కసారిగా రక్తంలోని కాల్షియాన్ని లాగేసుకుంటాయట. విటమిన్ డి తక్కువున్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అందుకే మీ అమ్మగారి 14ను ముందే మెల్లగా, చిన్న మోతాదుల్లో, డాక్టరు చూస్తుండగా పెంచాలి. మాలాగా పెద్ద ఇంజెక్షన్ వేయించకండి. పాలు, పెరుగు కూడా పూర్తిగా మానిపించకండి. తిండిలో కాల్షియం మరీ తగ్గితే ఆ గ్రంథి ఇంకా రెచ్చిపోతుంది. మన ఊరి ఉక్కకు నీళ్లు మాత్రం బాగా తాగించండి.

కాల్షియం మాత్రలంటేనే హడలిపోయిన మా అమ్మ ఆపరేషన్ తర్వాత రెండు నెలలు రోజుకు ఎనిమిది మింగింది. ఆరు నెలలకు 9.4 వచ్చింది. ఇప్పుడు గోడ పట్టుకోకుండానే మెట్లెక్కుతోంది.

ఈలోగా మీ అమ్మగారికి వాంతులు, మగత, మాట తడబాటు లాంటివి కనిపిస్తే ఓపీ రోజు కోసం చూడకండి. అదే రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, కాల్షియం చూడమని మీరే చెప్పండి.