చలికాలం థీమ్‌తో లేజర్ మీద చెక్క వస్తువులు చేసి అమ్మాలనుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

తిరుపతిలో ఉంటాను, 10 వాట్ల డయోడ్ లేజర్ కొన్నాను, నెట్‌లో దొరికే డిజైన్లన్నీ మంచుబొమ్మలూ రెయిన్‌డీర్లే, అవి ఇక్కడ పోతాయా అని కదా అడిగారు. నేనూ తిరుపతిలోనే ఇంట్లో ఇలాంటి మెషిన్ పెట్టుకుని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. క్రిస్మస్‌కి నక్షత్రాలూ, చెట్టుకి వేలాడదీసే మంచురేకులూ అడిగేవాళ్ళు ఉంటారు, అవి తప్పకుండా చెయ్యండి. కానీ మన చలికాలమంటే ధనుర్మాసం. తెల్లారకముందే వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గేసే నెల. ముగ్గును మించిన లేజర్ డిజైన్ నాకింతవరకు కనపడలేదు.

కారణం లెక్కలోనే ఉంది. 10 సెంటీమీటర్ల చదరంలో ఒక ఫొటోనో, నిండుగా నల్లటి బొమ్మనో చెక్కాలంటే లేజర్ అటూ ఇటూ గీతలు గీస్తూ పోవాలి. గీతకీ గీతకీ 0.1 మిల్లీమీటరు అనుకుంటే 1000 గీతలు, అంటే 100 మీటర్ల ప్రయాణం. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంతో అరగంట పైనే. మెలికల ముగ్గు అలా కాదు, అది ఉన్నదే ఒక గీత. అదే సైజులో దాని పొడవు మహా అయితే ఒకటి రెండు మీటర్లు. లేజర్ గీత వెంటే నడిచే లైన్ మోడ్‌లో పెడితే నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది. డౌన్‌లోడ్ చేసిన ముగ్గు ఫొటోని అలాగే పెట్టెయ్యకండి, మెషిన్ దాన్ని కూడా ఫొటోలాగే చెక్కుతుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో చుక్కలు పెట్టుకుని గీతను మీరే గియ్యండి. అది ఉచితం, గీత మీ సొంతం.

మంచురేకు కావాలన్నా ముగ్గులోనే ఉంది. మంచు స్ఫటికానికి ఆరు వైపులు. మనం సందు చుక్కలు పెట్టే ముగ్గుకీ ఆరు వైపులే. 7 సందు చుక్క 4 తీసుకోండి. మధ్య వరసలో 7, పైకీ కిందకీ 6, 5, 4, మొత్తం 37 చుక్కలు, చక్కటి షడ్భుజి వస్తుంది. ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి. చుక్కకీ చుక్కకీ 10 మిల్లీమీటర్లు పెడితే వరసకీ వరసకీ 10 కాదు, 8.66 పెట్టాలి. లేకపోతే రేకు నిలువుగా సాగినట్టు కనపడుతుంది. దీన్ని చుట్టూ కత్తిరించి పైన చిన్న బెజ్జం పెడితే అరచేతిలో పట్టే రేకు. క్రిస్మస్ చెట్టుకీ కడతారు, సంక్రాంతికి గుమ్మానికీ కడతారు.

నాకు బాగా నచ్చిన పని ఇంకోటి చెప్తాను. 3 మిల్లీమీటర్ల ప్లైకి ముందు ఎర్రమన్ను రంగు ఎక్రిలిక్ వెయ్యండి. ఆరాక పల్చగా వార్నిష్ ఒక చేయి. అదీ పూర్తిగా ఆరాక పైనంతా మాస్కింగ్ టేప్ అంటించి, ఆ టేప్ మీదుగానే ముగ్గు చెక్కండి. గీతలు పడ్డాక టేప్ తియ్యకుండా తెల్లరంగు అద్ది, రంగు కాస్త తడిగా ఉన్నప్పుడే టేప్ లాగెయ్యాలి. ఎర్రమన్నుతో అలికిన అరుగు మీద పిండిముగ్గు పెట్టినట్టే వస్తుంది. వార్నిష్ మానేస్తే మటుకు తెల్లరంగు చెక్క పోగుల వెంట పాకి గీత అంచు నూగునూగుగా అవుతుంది.

ముగ్గు అచ్చు చెయ్యాలనుకుంటే గీతను ఆసాంతం కొయ్యకండి. మెలిక మూసుకున్న ప్రతిచోటా లోపలి ముక్క ఊడి కింద పడుతుంది. అక్కడక్కడా 2, 3 మిల్లీమీటర్ల వంతెనలు వదలాలి. తెలుగు అక్షరాలకీ ఇదే తంటా, కాబట్టి అక్షరాలు కొయ్యడం కన్నా చెక్కడం మేలు. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తు గీత మాడి కలిసిపోయి 'ధ' కాస్తా 'ద' అవుతుంది. ముందు పనికిరాని ముక్క మీద చెక్కి చదివి చూసుకోండి. ఫాంటును పాత్‌గా, అంటే అక్షరాల్ని ఉత్త గీతలుగా, మార్చి పంపితే వత్తులు చెదరవు.

చెక్క విషయానికొస్తే, లేత రంగు ముఖం ఉన్న మామూలు ఎం.ఆర్. గ్రేడ్ (కాస్త తేమకి తట్టుకునే రకం) ప్లై చాలు. నీళ్ళకి తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైలో ఫినాలిక్ జిగురు ఉంటుంది, డయోడ్ లేజర్‌కి అది ఓ పట్టాన తెగదు. చెక్కపొట్టు అదిమి చేసే ఎం.డి.ఎఫ్. సమంగా తెగుతుంది, కానీ అంచు నల్లగా ఉండి చేతికి మసి అంటుతుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో మెత్తటి చార లోతుగా, గట్టి చార పైపైన చెక్కబడతాయి. సన్నగీతల ముగ్గుకి అది పనికిరాదు. పీవీసీ ఉన్న ఫోమ్ షీటుగానీ, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) బోర్డుగానీ లేజర్ కింద అసలు పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ మీ ఊపిరితిత్తుల్నీ మెషిన్‌నీ రెంటినీ తినేస్తుంది. ఎర్రచందనం సంగతి కూడా చెప్పాలి. శేషాచలం పక్కనే ఉన్నాం, చిన్న ముక్కే కదా అని ఎవరైనా ఇవ్వజూపవచ్చు. అటవీశాఖ అనుమతి కాగితాలు లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం, ముట్టుకోకండి.

మన దగ్గర చలికాలం వానతోనే మొదలవుతుంది కదా. నవంబరులో తెచ్చిన ప్లై తేమ పీల్చి విల్లులా వంగుతుంది. వంగినచోట ఫోకస్ తప్పి, మధ్యలో తెగిన గీత అంచుల్లో తెగదు. షీట్లు నేలకి ఎత్తుగా, పడుకోబెట్టి, పైన బరువు పెట్టి ఉంచండి. మెషిన్ మీద నాలుగు మూలలా అయస్కాంతాలు పెట్టి నొక్కండి. 3 మిల్లీమీటర్ల ప్లై కొయ్యడానికి పూర్తి పవర్, నిమిషానికి 300 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి మీ చెక్కకి తగ్గట్టు సర్దుకోండి, ఎయిర్ అసిస్ట్ (తెగేచోట గాలి ఊదే పంపు) తప్పనిసరి. మీ మెషిన్ మీద రాసిన 10 వాట్లు లేజర్ నుంచి వచ్చేదా, కరెంటు లాగేదా అన్నది మాన్యువల్‌లో చూడండి, కొన్నిటి మీద రెండోదే రాస్తారు.

చలికి కిటికీలు మూసి పని చెయ్యకండి, పొగ బయటికి పోయే గొట్టం ఉండాల్సిందే. 450 నానోమీటర్ల నీలి కాంతిని ఆపే కళ్ళద్దాలు పెట్టుకోండి, మామూలు నల్లద్దాలు ఆపలేవు. మెషిన్ నడుస్తుంటే గది వదిలి వెళ్ళొద్దు.

చివరిగా ఒక వస్తువు. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. అందులో పాశురాలు, అంటే పాటలు, 30. రోజుకొకటి తగిలించుకునేలా 30 చిన్న పలకలు చెయ్యండి, ఒకవైపు పాశురం మొదటి మాటలు, రెండోవైపు ఆ రోజు ముగ్గు. సంచిలో పట్టే సైజు కాబట్టి కొండకొచ్చిన యాత్రికులూ తీసుకెళ్తారు. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది, కాబట్టి దీపావళి కాగానే చెక్క తెచ్చుకుని కూర్చోండి. రంగు ఆరడానికే వానల్లో రోజులు పడతాయి.